సైకిల్ పంక్చర్: ట్యూబుకు ప్యాచ్ వేయడం, ట్యూబు మార్చడం, మొదటి నుంచి చివరి దాకా

పంక్చర్ వేయడంలో ప్యాచ్ అతికించడం చాలా చిన్న భాగం. చిల్లు ఎక్కడుందో కనుక్కోవడం కాస్త పెద్ద పని. అది ఎందుకు పడిందో తేల్చుకోవడం అసలు పని. చాలామంది ఈ మూడోదాన్ని వదిలేస్తారు. అందుకే కొత్త ట్యూబు వేసినా మర్నాటికల్లా మళ్లీ గాలి దిగిపోతుంది, నింద మాత్రం పాపం ట్యూబు మీద పడుతుంది. అందుకే ఇక్కడ కారణం వెతకడం గురించే ఎక్కువ రాశాను.

మొదటిసారి చేసేవాళ్లకు గంట దాకా పట్టొచ్చు. చేయి తిరిగాక పావుగంట చాలు. వేళ్లు నల్లబడటం ఖాయం కాబట్టి ఒక పాత గుడ్డ పక్కన పెట్టుకోండి.

ఇంతకీ అది పంక్చరేనా?

టైరు మెత్తబడిందని వెంటనే చక్రం ఊడదీయకండి. ముందు గాలి కొట్టి చూడండి. ఏ లోపమూ లేని ట్యూబులోంచి కూడా గాలి రబ్బరు గుండా మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. మామూలుగా వాడే బ్యూటైల్ రబ్బరు ట్యూబులో ఇది చాలా నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి కొన్ని వారాలు వాడకుండా పెట్టిన సైకిల్ టైరు మెత్తగా కనబడితే అందులో వింతేమీ లేదు. పందేల సైకిళ్లలో వాడే పల్చటి లేటెక్స్ ట్యూబులకైతే దాదాపు రోజూ గాలి కొట్టుకోవాల్సిందే.

గాలి కొట్టాక మళ్లీ దిగుతోందంటే తర్వాతి అనుమానం వాల్వు మీద పెట్టుకోవాలి. వాల్వు మూతి మీద కాస్త సబ్బు నీళ్లు వేసి చూడండి, ఉమ్ము రాసినా సరే. బుడగ పొంగితే గాలి పోతున్నది అక్కడి నుంచే, టైరు విప్పే పని లేదు.

వాల్వుల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి. పాత తరహా సైకిళ్లకు ఉండేది డన్‌లప్ వాల్వు, దీన్నే వుడ్స్ వాల్వు అని కూడా అంటారు. దీని లోపలి పిన్నుకు సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. ఈ వాల్ ట్యూబు ఎండి చీలితే గాలి నిలవదు. పైన ఉన్న చిన్న నట్టు తిప్పి పిన్నును బయటికి లాగి, పాత రబ్బరు పీకేసి, కొత్తదాన్ని కాస్త తడిపి తొడిగితే సరిపోతుంది. రెండోది కార్లకూ మోటారు సైకిళ్లకూ ఉండే లావుపాటి ష్రేడర్ వాల్వు. దీని లోపలి పిన్ను వదులైతే, వాల్వు కీతో పావు మలుపు బిగించగానే చాలాసార్లు లీకు ఆగిపోతుంది. మూడోది సన్నటి ప్రెస్టా వాల్వు. దీని కొసన ఉన్న చిన్న నట్టును వదులు చేశాకే గాలి ఎక్కుతుంది, కొట్టడం అయ్యాక మళ్లీ బిగించాలి. ఆ కొస చాలా సున్నితం. పంపు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు పక్కకు వంచితే విరుగుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

టైరు అంచును ఎత్తి తీయడానికి రెండు టైరు లివర్లు కావాలి, మూడుంటే ఇంకా మంచిది. నా ఓటు గట్టి ప్లాస్టిక్ లివర్లకే. ఇనుపవి బిగువు టైర్లకు పనికొస్తాయి కానీ, అల్యూమినియం రిమ్మును గీరేస్తాయి. లివర్లు లేవని స్క్రూడ్రైవర్ వాడొద్దు. దాని పదునైన కొస ట్యూబుకు ఇంకో చిల్లు పెడుతుంది. ఇంటి దగ్గర చేసుకున్న పంక్చర్లలో రెండో చిల్లు చాలావరకు అలా వచ్చేదే.

ఇవి కాక పంపు, స్పానర్, పెన్ను, గుడ్డ, నీళ్లు పోసిన బేసిన్, ప్యాచ్ కిట్ కావాలి. కిట్‌లో ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం ఉంటాయి. సొల్యూషన్ ట్యూబును ఒకసారి తెరిచాక, మూత ఎంత బిగించినా లోపలి ద్రావకం మెల్లగా ఆరిపోతుంది. ఎప్పుడో వాడి పక్కన పడేసిన ట్యూబును నమ్ముకుని దూరం వెళ్లొద్దు. బయల్దేరే ముందు నొక్కి చూడండి. ఆ ద్రావకానికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది కాబట్టి గాలి ఆడే చోట, పొయ్యికీ సిగరెట్టుకీ దూరంగా వాడాలి.

చక్రం తీయాలా, వద్దా?

ప్యాచ్ వేయడానికైతే అన్నిసార్లూ అక్కర్లేదు. చిల్లు ఎక్కడుందో కళ్లకు కనబడుతుంటే, ఉదాహరణకు మేకు ఇంకా టైరులోనే గుచ్చుకుని ఉంటే, ఆ చోటు పెన్నుతో గుర్తు పెట్టుకుని, టైరుకు ఒక పక్క అంచు మాత్రం విప్పి, ట్యూబును బయటికి లాగి ప్యాచ్ వేసి మళ్లీ లోపలికి తోసేయొచ్చు. చైను కవరు, లోపలి గేర్లు, క్యారియర్ స్టాండు లాంటివి ఉన్న వెనక చక్రానికి ఈ పద్ధతి హాయి. ట్యూబు మార్చాలంటే మాత్రం ఇరుసుకు కనీసం ఒక పక్కనైనా ఫ్రేము నుంచి చక్రం విడివడాలి.

ముందు చక్రం తీయడం సులువు. రిమ్ బ్రేకులుంటే వాటిని వదులు చేయండి, లేకపోతే గాలి నిండిన టైరు ప్యాడ్ల మధ్య ఇరుక్కుంటుంది. క్విక్ రిలీజ్ (స్పానర్ లేకుండా చేత్తో తెరిచే లివరు) అయితే లివరు తెరిచి, అవతలి పక్క నట్టును కొంచెం తిప్పాలి. మామూలు నట్లయితే స్పానర్‌తో రెండు పక్కలా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. సైకిల్ ఇరుసు నట్లు చాలావాటికి 15 మి.మీ. స్పానర్ సరిపోతుంది. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

వెనక చక్రానికి గేర్లుంటే ముందుగా చైనును అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చుకోవాలి. తర్వాత చైనును గేర్ల మీద అటూ ఇటూ జరిపే డీరైలర్‌ను చేత్తో వెనక్కి పట్టుకుంటే చక్రం కిందికి జారి వచ్చేస్తుంది. ఇలా చేస్తే మళ్లీ పెట్టేటప్పుడు కూడా చైను ఎక్కడ పడాలో తడుముకోవాల్సిన పని ఉండదు.

డిస్క్ బ్రేకులుంటే రెండు జాగ్రత్తలు. చక్రం బయట ఉన్నప్పుడు బ్రేకు లివరు నొక్కొద్దు. నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్లీ లోపలికి దూరదు. మందపాటి అట్ట ముక్క ఒకటి ప్యాడ్ల మధ్య పెట్టి ఉంచితే ఆ టెన్షన్ ఉండదు. రెండోది, డిస్కును జిడ్డు చేతులతో ముట్టుకోవద్దు.

టైరు విప్పడం

మొదట లోపలున్న గాలంతా పూర్తిగా తీసేయాలి. కొంచెం మిగిలినా పని మొరాయిస్తుంది. వాల్వు మొదట్లో రిమ్ముకు బిగించిన నట్టు ఉంటే తీసేయండి. ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది. టైరును రెండు చేతుల బొటనవేళ్లతో నొక్కుతూ చక్రం చుట్టూ ఒక రౌండు వేసి, రెండు అంచులూ రిమ్ము మధ్యలో ఉన్న పల్లంలోకి జారేలా చేయాలి. టైరు అంచులో సాగని తీగ ఉంటుంది. రిమ్ము మధ్య భాగం లోతుగా ఉంటుంది కాబట్టి, అంచు అక్కడికి దిగితే చుట్టుకొలత తగ్గి, మిగతా చోట కాస్త వదులు దొరుకుతుంది. టైరు విప్పడంలోనూ ఎక్కించడంలోనూ ఉన్న కిటుకంతా ఈ వదులును ఎక్కడికి తెచ్చుకుంటాం అన్నదే. ఇది తెలియకే జనం బలాన్ని నమ్ముకుంటారు.

వాల్వుకు జానెడు పక్కగా మొదటి లివరును అంచు కిందికి దూర్చి, పైకెత్తి, దాని కొక్కేన్ని ఒక స్పోకుకు తగిలించండి. ట్యూబు నలగకుండా లివరును లోతుగా కాక అంచు అందేంతవరకే దూర్చాలి. కొంచెం ఎడంగా రెండో లివరు వేసి ఎత్తండి. అంచు వదులైందనిపించగానే దాన్ని రిమ్ము వెంట జార్చుకుంటూ పోతే ఒక పక్కంతా బయటికి వచ్చేస్తుంది. రెండో పక్క అంచును ఇప్పుడే తీయక్కర్లేదు. వాల్వును చివర్లో పైకి తోసి ట్యూబును బయటికి లాగండి.

గాలి టైర్లు వచ్చిన కొత్తలో ఈ సౌకర్యం లేదు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నప్పుడు టైరును రిమ్ముకే అతికించేవాళ్లు. పంక్చర్ అయితే అంటించినదంతా పీకి, మళ్లీ అంటించి ఆరబెట్టాలి. ఫ్రాన్స్‌లో మిషలిన్ సోదరులు 1891లో విప్పి మళ్లీ ఎక్కించుకోగల టైరు తెచ్చారు. అదే ఏడాది జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ తెరాన్ ఆ టైర్లతోనే గెలిచాడు.

ట్యూబు తీసేటప్పుడు అది టైరులో ఏ వైపు తిరిగి ఉందో గుర్తుంచుకోవడం చాలా ముఖ్యం. వాల్వు పక్కన ట్యూబు మీద, అదే వైపు టైరు మీద ఒక్కో గీత పెట్టుకుంటే చాలు. దీని ఉపయోగం కాసేపట్లో తెలుస్తుంది.

చిల్లు వెతకడం

బయటికి తీసిన ట్యూబుకు గాలి కొట్టండి. మామూలు లావుకు ఒకటిన్నర రెట్లు ఉబ్బేదాకా కొట్టొచ్చు. ఉబ్బితే చిల్లు కూడా సాగి గాలి గట్టిగా వస్తుంది. ముందు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుతూ వినండి. బుస్సుమనే చప్పుడు వినబడకపోతే పెదాల దగ్గరికో చెంప దగ్గరికో తెచ్చుకోండి. వేళ్లకు తెలియని సన్నటి గాలి కూడా అక్కడి చర్మానికి తెలుస్తుంది.

అప్పటికీ దొరకకపోతే బేసిన్ ఉండనే ఉంది. ట్యూబును కొంచెం కొంచెంగా నీళ్లలో ముంచి, అటూ ఇటూ లాగుతూ చూడండి. ముంచగానే ట్యూబుకు అంటుకుని పైకి తేలే బుడగలు వేరు, ఒకే చోటు నుంచి వరసగా వచ్చే బుడగలు వేరు. మొదటివాటిని చూసి మోసపోవద్దు, చేత్తో తుడిచేసి మళ్లీ చూడండి. వాల్వు మొదలును కూడా ముంచి కాస్త వంచి చూడాలి. అక్కడి చీలిక మామూలుగా మూసుకునే ఉంటుంది, వంచినప్పుడే తెరుచుకుంటుంది.

ఒక చిల్లు దొరికిందని ఆగిపోకండి. ట్యూబు పూర్తిగా ఒక చుట్టు చూడాలి. దొరికిన చిల్లును చుక్కతో గుర్తు పెడితే గరుకు కాగితం రుద్దినప్పుడు అది కాస్తా చెరిగిపోతుంది. చిల్లు మీద కలుసుకునేలా రెండు పొడవాటి గీతలు అడ్డంగా, నిలువుగా గీయండి. మధ్య చెరిగినా కొసలు మిగులుతాయి, వాటిని బట్టి మధ్య ఎక్కడో తెలుస్తుంది.

చిల్లు ఏం చెబుతోంది?

ఇక్కడ తొందరపడొద్దు. చిల్లు ట్యూబుకు ఏ వైపున ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్న రెండింటిని బట్టి కారణం దాదాపు తెలిసిపోతుంది.

బయటి వైపున, అంటే రోడ్డుకు తగిలే వైపున, ఒకే ఒక్క సన్నటి చిల్లు ఉంటే ముల్లో, గాజు పెంకో, మేకో, సన్నటి ఇనుప తీగో దిగిందని అర్థం. ఇప్పుడు ఇందాక పెట్టుకున్న గుర్తు పనికొస్తుంది. ట్యూబును టైరు మీద అదే దిశలో, వాల్వును దాని చోటుకు ఎదురుగా పరిచి చూస్తే, చిల్లుకు ఎదురుగా టైరులో ఎక్కడ వెతకాలో అంగుళాల తేడాతో తెలుస్తుంది. ముల్లు దిగాక దాని తల అరిగిపోయి, ములుకు మాత్రం టైరు మందంలో దాక్కుని ఉండటం మామూలే. పైనుంచి ఏమీ కనబడదు. బరువు పడి టైరు నలిగినప్పుడల్లా అది లోపలికి తొంగి చూస్తుంది. పల్లేరు కాయ ముళ్లు ఇందులో ఆరితేరినవి.

పక్కపక్కనే రెండు చిన్న చీలికలు ఉంటే సైకిల్ నడిపేవాళ్లు దాన్ని పాము కాటు అంటారు. ఇందులో ముల్లు గిల్లు ఏమీ లేదు. గాలి తక్కువగా ఉన్న టైరు గుంట అంచుకో రాయికో గట్టిగా తగిలినప్పుడు ట్యూబు టైరుకూ రిమ్ముకూ మధ్య నలిగి రెండు చోట్ల తెగుతుంది. దీనికి మందు ప్యాచ్ ఒక్కటే కాదు, సరిపడా గాలి కూడా. ఒక చిల్లు మాత్రమే కనబడినా దాని పక్కన రెండోదాని కోసం తప్పకుండా వెతకండి.

లోపలి వైపున, అంటే రిమ్ము వైపున చిల్లు ఉంటే టైరులో ముల్లు కోసం వెతకడం దండగ. అక్కడ నేరం రిమ్ టేపుది. స్పోకుల నిప్పుల్స్ (స్పోకు కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) కోసం రిమ్ములో చేసిన రంధ్రాలను ఈ టేపు కప్పి ఉంచుతుంది. అది పక్కకు జరిగినా, ఎండి చిరిగినా, గాలి ఒత్తిడికి ట్యూబు ఆ రంధ్రాల్లోకి ఉబ్బి అంచు తగిలి తెగుతుంది. ఒక్కోసారి స్పోకు కొస నిప్పుల్ దాటి పైకి పొడుచుకు వస్తుంది. దాన్ని ఆకురాయితో చదును చేసి, టేపును సరిగా పరవాలి. టేపు పాడైతే మార్చేయడమే. కొత్త టేపు రంధ్రాలను పూర్తిగా కప్పాలి, అలాగని టైరు అంచు కూర్చునే చోటి మీదికి ఎక్కేంత వెడల్పూ ఉండకూడదు.

వాల్వు మొదట్లో చీలిక వస్తే గాలి తక్కువైన టైరు రిమ్ము మీద జరుగుతోందనో, వాల్వు ఏటవాలుగా కూర్చుందనో అనుకోవచ్చు. దానికి ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. టైరు ఎక్కించిన కాసేపటికే గాలి దిగిపోయి, ట్యూబు పక్క భాగంలో చీలిక కనబడితే అది మన లివరు పుణ్యమే.

టప్పున పేలిన చప్పుడు వచ్చిందా? అలాగైతే ట్యూబు టైరు బయటికి వచ్చిందన్న మాట. ఏ చిరుగూ లేని టైరు లోపల ఉన్న ట్యూబు అలా పేలదు. టైరు అంచు రిమ్ములో సరిగా కూర్చోక బయటికి జారిందో, టైరే కోసుకుపోయిందో చూడాలి. ఇలా పేలిన ట్యూబు జానెడు పొడుగున చిరుగుతుంది, దాన్ని బాగు చేసే ప్రయత్నం అక్కర్లేదు.

టైరు లోపల తడిమి చూడటం

కారణం దొరికినా, దొరకకపోయినా టైరు లోపలంతా ఒకసారి చూడాలి. వట్టి వేళ్లతో గబగబా తడమొద్దు, ట్యూబును కోసింది వేలిని వదలదు. కాస్త దూదో, పాత బనీను గుడ్డో తీసుకుని టైరు లోపల రెండు వైపులా మెల్లగా లాగండి. ఏదైనా పొడుచుకుని ఉంటే పోగు తగులుకుంటుంది. దాన్ని బయటి వైపు నుంచే తీసేయాలి. సన్నటి తీగ ముక్కలను పట్టకారుతో లాగాలి. పైనుంచి టైరును మడిచి చూస్తే గాట్లలో ఇరుక్కున్న గాజు పెంకులూ కనబడతాయి. అవి ఇంకా ట్యూబు దాకా చేరకపోయినా, చేరడానికి ఎన్నో రోజులు పట్టదు.

టైరు మీదే పెద్ద కోత ఉంటే గాలి కొట్టగానే ట్యూబు అందులోంచి బుడగలా పొంగుతుంది. ఇంటికి చేరేదాకా లోపలి నుంచి పాత టైరు ముక్కో, మందపాటి, సాగని ప్లాస్టిక్ ముక్కో అడ్డం పెట్టి, కొంచెం తక్కువ గాలితో నడపొచ్చు. అది తాత్కాలికమే. లోపలి దారాలు తెగిన టైరును మార్చాలి.

ప్యాచ్ వేయడం

ముందుగా ట్యూబులో గాలి తీసేసి, తడి ఉంటే పూర్తిగా ఆరనివ్వండి. ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్దాలి. కొత్త ట్యూబు మీద అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన పదార్థం ఉంటుంది, పాతదాని మీద రబ్బరు పైపొర గట్టిపడి ఉంటుంది. వాటి మీద ఏదీ సరిగా అంటదు. నలుపు మెరుపు పోయి మసకగా కనబడేదాకా రుద్దండి. చిల్లు ట్యూబు అతుకు గీత మీదో పక్కనో ఉంటే ఆ గీతను పూర్తిగా చదును చేయాలి, లేకపోతే గీత వెంట గాలి దారి చేసుకుంటుంది. రబ్బరు పొడి దులిపేయండి, ఆ తర్వాత అక్కడ వేలు పెట్టొద్దు.

ఇప్పుడు సొల్యూషన్. ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర, పల్చగా, సమంగా ఒక పొర పూయండి. తర్వాత ఆగండి. పంక్చర్ వేయడంలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇది తడిగా ఉండగా అంటించే జిగురు కాదు. ద్రావకం ఎగిరిపోయాక మిగిలిన పొరతో ప్యాచ్ అడుగు భాగం కలిసిపోయి పట్టుకుంటుంది. సుమారు 5 నిమిషాలు, చలిగా ఉంటే ఇంకా ఎక్కువ, తడి మెరుపు పోయేదాకా ఆగాలి. అంచున వేలు ఆనిస్తే అంటీ అంటనట్టుండాలి. తొందర కోసం నోటితో ఊదొద్దు, ఊపిరిలో తడి ఉంటుంది. మందంగా పూస్తే గట్టిగా పడుతుందనుకోవడం కూడా పొరపాటే. అడుగున ఆరని ద్రావకం మిగిలిపోయి ప్యాచ్ జారుతుంది.

ప్యాచ్ అడుగున ఉన్న రేకు పీకి, ఆ వైపు ముట్టుకోకుండా, చిల్లు సరిగ్గా మధ్యకు వచ్చేలా ఒక్కసారే పెట్టండి. సరిచేయడానికి మళ్లీ లేపకూడదు. మధ్య నుంచి అంచుల వైపు గట్టిగా రుద్దుతూ ఒకటి రెండు నిమిషాలు నొక్కాలి. గట్టి నేల మీద పెట్టి చెంచా వెనక వైపుతో రుద్దితే బలం బాగా పడుతుంది. పైన ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని తీయకపోయినా నష్టం లేదు. తీయాలనుకుంటే అంచు నుంచి కాకుండా, ట్యూబును మడిచి కాగితం మధ్యలో చిట్లేలా చేసి, అక్కడి నుంచి బయటికి తీయండి. అంచు నుంచి లాగితే ప్యాచ్ కూడా లేచి వస్తుంది.

చుట్టూ మిగిలిన సొల్యూషన్ మీద కాస్త టాల్కమ్ పౌడర్ చల్లితే అది టైరుకు అంటుకోదు. ఇక ట్యూబును బయటే గట్టిగా ఉబ్బించి పరీక్ష చేయాలని మనసు లాగుతుంది. చేయొద్దు. టైరు ఆసరా లేకుండా ఉబ్బితే ట్యూబు సాగినంతగా ప్యాచ్ సాగదు, కొత్త అతుకు అంచుల్లో ఊడుతుంది. ఆకారం వచ్చేంత గాలి కొట్టి, చెవి దగ్గర పెట్టి వింటే చాలు.

పాత ట్యూబు నుంచి కోసిన ముక్కతో కూడా ప్యాచ్ వేయొచ్చు. అప్పుడు రెండు ముఖాలనూ రుద్ది, రెండింటికీ సొల్యూషన్ పూసి, రెండూ ఆరాక కలపాలి. ముక్కను గుండ్రంగా కోయండి. మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది. సొల్యూషన్ అక్కర్లేని స్టిక్కర్ ప్యాచ్‌లు దారిలో ఆదుకుంటాయి కానీ, ఎండకీ ఎక్కువ ఒత్తిడికీ అంచులు లేచే అవకాశం ఎక్కువ. నేను వాటిని ఇంటికి చేర్చే సాధనంగానే చూస్తాను. టీపీయూ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ రకం ట్యూబులకు ఈ మామూలు రబ్బరు ప్యాచ్‌లు పనికిరావు, వాటి కోసం ఇచ్చే ప్యాచ్‌లే వాడాలి.

ఒక ట్యూబుకు ఎన్ని ప్యాచ్‌లు వేయొచ్చు? ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉన్నంతవరకు లెక్కేమీ లేదు. సరిగా వేసిన ప్యాచ్ ట్యూబు ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ట్యూబు మార్చాల్సి వస్తే

వాల్వు మొదలు చీలినా, ప్యాచ్ కప్పలేనంత పొడుగున చిరిగినా, రబ్బరు మీద సన్నటి పగుళ్లు కనబడినా కొత్త ట్యూబు తెచ్చుకోవడమే మేలు.

కొలతల విషయంలో అంగుళాలను నమ్మొద్దు. టైరు పక్కన 40-635 లాగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద అంచు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 26 అంగుళాల టైర్లంటే మౌంటెన్ బైకులో 559, పాత తరహా 26 × 1⅜ లో 590. రెండింటినీ 26 అనే పిలుస్తారు, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. అలాగే పేర్లు వేరైనా 700సి, 29 అంగుళాలు రెండూ 622లే. ట్యూబు పెట్టె మీద 28/47-622 అని ఉంటే 28 నుంచి 47 మి.మీ. వెడల్పు టైర్లకు సరిపోతుందని అర్థం. కొంచెం సన్నటి ట్యూబు సాగి సర్దుకుంటుంది. మరీ లావుదైతే లోపల మడతలు పడి ఆ మడత దగ్గరే చిట్లుతుంది.

వాల్వు రకం కూడా చూసుకోండి. ప్రెస్టాకు రిమ్ములో సుమారు 6.5 మి.మీ. రంధ్రం చాలు, ష్రేడర్‌కు సుమారు 8.5 మి.మీ. కావాలి. రిమ్ము లోతైనదైతే వాల్వు పొడుగు కూడా సరిపోవాలి.

మళ్లీ ఎక్కించడం

ట్యూబును ముడతలు పోయి గుండ్రంగా నిలబడేంత మాత్రం గాలి కొట్టండి. వట్టి ట్యూబు టైరు అంచు కిందికి జారి నలుగుతుంది. టైరు మీద తిరగాల్సిన దిశ చూపే బాణం గుర్తు ఉంటే సరిచూసుకోండి. టైరు పేరు రాసి ఉన్న చోటు వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకోవడం మంచి అలవాటు. వచ్చేసారి చిల్లు నుంచి ముల్లును వెతకడానికి వేరే గుర్తు అక్కర్లేదు.

వాల్వును రంధ్రంలో నిటారుగా దూర్చి, ట్యూబును మెలికలు లేకుండా టైరులోకి సర్దండి. వాల్వుకు సరిగ్గా ఎదురుగా ఉన్న చోట అంచు ఎక్కించడం మొదలుపెట్టి, రెండు చేతులతో రెండు పక్కలా వస్తూ వాల్వు దగ్గర ముగించండి. కారణం ఇందాక చెప్పిన పల్లమే. వాల్వు ఉన్న చోట అంచు ఆ పల్లంలోకి దిగలేదు. అక్కడ ముగిస్తే మిగతా చుట్టంతా పల్లంలోకి దిగి వదులు ఇస్తుంది. చివరి బెత్తెడు బిగిసిపోతే లివరు అందుకోకండి. చక్రం చుట్టూ అంచులను మళ్లీ మధ్యకు నొక్కుతూ వదులును ఇటు తెచ్చుకుని, అరచేతి మడమతో రిమ్ము మీదికి దొర్లించండి. ఇంకా రాకపోతే అంచుకు కాస్త సబ్బు నీళ్లు రాయండి. లివరు తప్పనిసరైతే ట్యూబు దానికింద లేదని చూసుకున్నాకే.

ఇప్పుడు వాల్వును ఒకసారి లోపలికి తోసి మళ్లీ లాగండి. దాని మొదట్లో మందంగా ఉన్న రబ్బరు టైరు అంచు కింద ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. తర్వాత రెండు పక్కలా టైరును వేళ్లతో విడదీస్తూ చుట్టూ చూడాలి. ఎక్కడా ట్యూబు కనబడకూడదు. ఈ ఒక్క నిమిషం మిగుల్చుకుందామనుకుంటే మొత్తం పని మళ్లీ చేయాల్సి రావచ్చు.

గాలి కొట్టడం

ముందు సగం గాలి కొట్టి చక్రం తిప్పి చూడండి. టైరు పక్కన, రిమ్ముకు దగ్గరగా, సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది. అది రిమ్ము నుంచి అన్ని చోట్లా ఒకే ఎత్తులో కనబడితే అంచు సరిగా కూర్చున్నట్టే. ఎక్కడైనా లోపలికి దిగినా పైకి పొంగినా గాలి తీసేసి, ఆ చోట సర్ది మళ్లీ కొట్టాలి. పొంగిన చోటును పట్టించుకోకుండా కొట్టుకుంటూ పోతే టప్పుమనేది అక్కడే.

ఎంత గాలి అనేది టైరు పక్కనే పీఎస్‌ఐ, బార్ అనే ఒత్తిడి కొలతల్లో రాసి ఉంటుంది. 1 బార్ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ. రాసి ఉన్న గరిష్ఠాన్ని దాటొద్దు, అలాగని కనిష్ఠం కంటే తగ్గనివ్వొద్దు. బరువు మోసేది వెనక చక్రమే ఎక్కువ కాబట్టి దానికి ముందుదానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు లావు టైర్లకు కొంతవరకు పనికొస్తుంది, సన్నటి టైర్లలో అది మోసం చేస్తుంది. మీటరు ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉంటే పాము కాట్లు చాలావరకు తప్పుతాయి. చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో దారిలో నింపుకున్నవాళ్లు ఇంటికి రాగానే అది తీసేసి మామూలు గాలి కొట్టుకోవాలి. ఆ వాయువు బ్యూటైల్ రబ్బరు గుండా గాలి కంటే త్వరగా జారిపోతుంది.

చక్రాన్ని ఫ్రేములో పూర్తిగా లోపలికి కూర్చోబెట్టి, రెండు పక్కలా దూరం సమంగా ఉందని చూసి నట్లు బిగించండి. వదులు చేసిన రిమ్ బ్రేకును మళ్లీ తగిలించడం మరిచిపోతే మొదటి మలుపులోనే గుర్తొస్తుంది, కాబట్టి ఎక్కే ముందే బ్రేకులు పట్టి చూడండి.

మర్నాడు మళ్లీ మెత్తబడితే

ట్యూబు తీసి చిల్లు పాత చోటికి ఎదురుగానే ఉందేమో చూడండి. ఉంటే టైరులోనో రిమ్ములోనో ఏదో మిగిలిపోయింది, మొదటిసారి దొరకలేదు. ప్యాచ్ అంచు నుంచే గాలి వస్తుంటే రుద్దడమో ఆరబెట్టడమో సరిపోలేదు. అప్పుడు దాన్ని పూర్తిగా పీకి, శుభ్రం చేసి కొత్తది వేయాలి. దాని మీద ఇంకోటి వేస్తే నిలవదు. కొత్త చోట కొత్త చిల్లు ఉంటే ఎక్కించేటప్పుడు లివరు తగిలిందేమో చూసుకోండి.

దూరం వెళ్లేటప్పుడు నా సలహా, దారిలో ప్యాచ్ వేయడం కంటే ట్యూబు మార్చేసి, చిల్లు పడ్డదాన్ని ఇంటికి తెచ్చి తీరిగ్గా వేసుకోవడమే. వానలో, చీకట్లో సొల్యూషన్ ఆరే దాకా ఆగడం అయ్యే పని కాదు. అయినా ప్యాచ్ కిట్ కూడా వెంట ఉండాలి, రెండో పంక్చర్ ఎప్పుడూ స్పేర్ ట్యూబు అయిపోయాకే వస్తుంది. స్పేర్ ట్యూబును సంచిలో స్పానర్ల పక్కన అలాగే పడేయకండి. కుదుపులకు ఇనుము రాసుకుని అది వాడకముందే చిల్లు పడుతుంది. గాలంతా తీసి, మడిచి, వాల్వుకు మూత పెట్టి, పాత సాక్సులో దూర్చి పెట్టుకోండి. మార్చే పని పడినప్పుడు ఆ సాక్సే చేతి తొడుగు కూడా అవుతుంది.